మట్టి అంటని చెయ్యి

బందర్ గోరయో సుల్తాను కలకాలం బతకాలని రాజ్యంలో అందరికంటే గట్టిగా ప్రార్థించినవాడు దీరియె. ఆ సుల్తాను పోతే తప్ప తన బతుకుకు అర్థం దొరకనివాడు కూడా అతడే. ఈ రెండు సంగతులూ ఊరందరికీ తెలుసు. అందుకే శుక్రవారం నమాజు ముగిశాక అతడు చేతులెత్తి, "మా సుల్తానుకు అల్లా నిండు ఆయుష్షు ఇవ్వాలి" అనగానే వెనక వరసల్లో ఎవరో ఒకరికి దగ్గు వచ్చేది.

దీరియెది చిన్న వంశం. మనుషులు తక్కువ, ఒంటెలు అంతకంటే తక్కువ. పెద్ద తెగలకు ఈటెలున్నాయి, సాంబ్రాణి చెట్లున్న కొండలున్నాయి, సముద్రం అవతలి రేవులు ఏడెన్‌కూ ముకల్లాకూ సరుకు మోసే పడవలున్నాయి. దీరియె వంశానికి ఉన్నదల్లా ఒక హక్కు. కొత్త సుల్తానుకు పట్టం కట్టే రోజున అతని తలమీద మొదటి పచ్చి ఆకు పెట్టవలసింది ఆ వంశపు పెద్ద. ఆ తర్వాత తెగలన్నీ ఎగబడి ఆకులు పెడతాయి. ఆ ఆకులకు లెక్క లేదు, వరస లేదు. కానీ మొదటి ఆకు పడేదాకా సుల్తాను సుల్తాను కాడు, పెద్దాయన కొడుకు మాత్రమే.

ఈ హక్కు వాళ్ళకెలా వచ్చిందంటే రెండు కథలు చెప్పేవారు. తొలి సుల్తాను ఎండదెబ్బ తగిలి పడిపోతే ఆకుల కొమ్మతో విసిరి బతికించినవాడు దీరియె పూర్వీకుడని ఒక కథ. పెద్ద తెగల్లో ఏ తెగా మరో తెగ చేతి ఆకును ముందు పడనివ్వకపోవడంతో, ఎవరికీ భయం కలిగించలేని చిన్నవాళ్ళను పిలిచి ఆ పని అప్పగించారని రెండో కథ. నిజం రెండోదే అయి ఉండవచ్చు. ఎక్కువమంది చెప్పేది మాత్రం మొదటిదే.

ఎలా వచ్చినా, ఆ హక్కు నీళ్ళు తాగించే హక్కు. ఎండలు ముదిరి చెలమలన్నీ ఇంకిపోయాక ఊరి పెద్దబావి దగ్గర సుల్తాను ఒంటెలు తాగిన వెంటనే దీరియె వాళ్ళ మేకలు తాగేవి. ఈటెలున్న తెగల ఒంటెలు వాటి వెనక నిలబడేవి. ఆ వరస తప్పితే ఆ చిన్న మంద ఒక్క వేసవి కూడా దాటలేదు. "మేకల తోకలు చూసీ చూసీ మా ఒంటెలకు చూపు మందగించింది" అనేవాడు సమతర్. సమతర్ అన్ని తెగల్లోకీ పెద్ద తెగకు పెద్ద, పడవల ఆసామి. పైగా దీరియె అక్క హిబాక్‌ను పెళ్ళాడిన బావ.

ఇప్పటి సుల్తాను తలమీద ఆకు పెట్టినవాడు దీరియె తాత. అప్పటికి సుల్తానుకు మీసాలు కూడా సరిగా రాలేదు. తాత పోయాడు. హక్కు తండ్రి చేతికి వచ్చింది. తండ్రి దాన్ని వాడే అవకాశం రాకుండానే ముసలివాడై పోయాడు. హక్కు దీరియెకు దక్కింది. ఈలోగా ఆనాటి పట్టాభిషేకాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరొక్కరే రాలిపోయారు. చివరికి మొదటి ఆకు ఎవరు పెట్టారన్నదానికి బతికున్న సాక్షి సుల్తాను ఒక్కడే మిగిలాడు. ఆయన సాక్ష్యంతో పనిపడేది ఆయన పోయాకే.

"మీ హక్కు పాచిపోయింది బావమరిదీ" అని సమతర్ నలుగురిలో అనడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. "చూసినవాడు లేడు, చేసినవాడు లేడు. రేపు నేను లేచి, మొదటి ఆకు మా తాతే పెట్టాడంటే కాదనేదెవరు?"

"నీ తాత అప్పుడు ముకల్లాలో చేపలు అమ్ముకుంటున్నాడని మీ ఇంట్లోనే చెప్పుకుంటారు బావా" అనేవాడు దీరియె. అందరూ నవ్వేవారు. సమతర్ కూడా నవ్వేవాడు. కానీ పాచిపోయిందన్న మాట దీరియెను ముల్లులా గుచ్చుతూనే ఉండేది.

అందువల్ల అతడు ఊరు కదలలేదు. వానలు పడగానే జనమంతా మందలను తోలుకుని లోపలి పచ్చికకు పోతే, దీరియె తన మేకలను తమ్ముళ్ళకు అప్పగించి, సుల్తాను మేడ కనిపించేంత దూరంలో గుడిసె వేసుకుని ఉండిపోయేవాడు. తాను లేని సమయంలో సుల్తాను పోతే, మొదటి ఆకు ఇంకెవరి చేతనో పడితే, ఒకసారి పోయిన హక్కు మళ్ళీ రాదు. పడుచుతనంలో సమతర్ ఒకసారి పడవ ఎక్కమని పిలిచాడు.

"ఏడెన్ చూసొద్దువు గాని రా. అక్కడ ఇంతింత పుచ్చకాయలు."

"రాలేను బావా. సుల్తానుకు నిన్నటి నుంచీ ఒళ్ళు వెచ్చగా ఉందట."

"ఒళ్ళు వెచ్చబడింది ఆయనకి, మంచం పట్టింది నువ్వు!"

సుల్తానుకు ఆ జ్వరం తగ్గిపోయింది. పడవ అప్పటికే వెళ్ళిపోయింది. ఏడెన్ ఒకటే కాదు, మక్కా యాత్ర కూడా ఇలాగే వాయిదా పడుతూ వచ్చింది. భార్య ఆ కోరికతోనే కన్నుమూసింది. హిబాక్ తమ్ముణ్ణి చూడవచ్చినప్పుడల్లా నెయ్యిలో వేయించిన కాఫీ గింజలు తినమని అతని ముందు పెట్టి, వాటితోపాటు నాలుగు మాటలు కూడా వడ్డించేది.

"లోకమంతా వానను వెతుక్కుంటూ పోతుంది. నువ్వేమో చావుకు కాపలా కూచున్నావు. ఒరే, నిన్ను చూస్తుంటే ఆ ముసలాయనకు పోవాలని ఉన్నా పోబుద్ధి కాదురా!"

హిబాక్ ఎగతాళిగా అన్న ఆ మాటే నిజమైంది. ఒక ఏడు కడలిగాలులు మొదలైనప్పుడు సుల్తానుకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఇనుము కాల్చి వాతలు పెట్టే వైద్యుడు వచ్చి, పెట్టగలిగినన్ని చోట్ల పెట్టాడు. లాభం లేకపోయింది. కబురు విని దీరియె మేడకు పరుగెత్తాడు. సాంబ్రాణి పొగలోంచి సుల్తాను కళ్ళు తెరిచి చూశాడు.

"ఎవరది? ఆకా? కోసుకొచ్చావా?"

"లేదు సుల్తాన్! మీ ఒంట్లో ఎలా ఉందో కనుక్కుందామని."

"నా ఒంట్లో ఎలా ఉందో నీ మొహంలో తెలుస్తోంది. కళ్ళు చూడు ఎలా మెరుస్తున్నాయో! అంత అధ్వాన్నంగా ఉన్నానా నేను?" సుల్తాను మోచేతులమీద లేచాడు. "పోరా, పో. ఒరే ఎవర్రా అక్కడ! మేక పులుసు తెండి. నెయ్యి ఎక్కువ వెయ్యండి."

పులుసు తాగాడు. వారం తిరక్కుండా లేచి తిరిగాడు. పేరు వైద్యుడికి రావలసి ఉంది గానీ, మేడలో ఆడవాళ్ళు వేరే నిర్ణయానికి వచ్చారు. ఆ తర్వాత సుల్తానుకు ఏ జబ్బు చేసినా ముందు దీరియెకు కబురు వెళ్ళేది, తర్వాతే వైద్యుడికి. గుమ్మంలో దీరియె నీడ పడగానే ఆయనకు కోపం, కోపంతో ఆకలి, ఆకలితో ఆరోగ్యం వరసగా వచ్చేవి. ఏ మనిషి చావు కోసం దీరియె వంశం రెండు తరాలుగా కాచుకుని ఉందో, ఆ మనిషికి దీరియె సంజీవని అయ్యాడు. రాననడానికి లేదు. పిలిచినప్పుడు రాకపోతే చావు కోరుకుంటున్నాడంటారు. వస్తే బతికించి పోవాలి.

అలా రాకపోకలు సాగి సాగి చివరికి జబ్బు లేకపోయినా పిలుపు రావడం మొదలైంది. ఇద్దరూ మేడ నీడలో కూర్చుని ఇసుకలో గళ్ళు గీసి దాడి ఆడేవారు. సుల్తాను కాయలు ఖర్జూరం గింజలు, దీరియెవి గులకరాళ్ళు. సుల్తాను దొంగాట ఆడేవాడు.

"ఆ గింజ ఇందాక అక్కడ లేదు."

"నేను సుల్తానునిరా!"

"సుల్తానైతే మనుషుల్ని జరపండి, గింజల్ని కాదు."

"మనుషులు నా మాట వింటే ఈ గింజలతో నాకేం పని?" అని సుల్తాను ఒప్పుకుని గింజ వెనక్కి పెట్టేవాడు. అది నిజమే. ఆ రాజ్యంలో సుల్తాను ఆజ్ఞ మేడ మెట్లు దిగేదాకా ఆజ్ఞ. దిగాక చర్చకు వచ్చిన ఒక అభిప్రాయం.

ఒకనాడు ఆట మధ్యలో ఆయన అన్నాడు: "నాకు నిండు ఆయుష్షు కోరనివాడు ఈ ఊళ్ళో లేడు. వాళ్ళలో ఎవడి మనసులో ఏముందో వెతుక్కుంటూ నా జుట్టు నెరిసింది. నీ దగ్గర ఆ బాధ లేదు. నా చావు కోసం కాచుకున్నావని నాకు తెలుసు, నాకు తెలుసని నీకు తెలుసు. హాయిగా ఉంటుంది నీతో. కానియ్, నీ ఎత్తు."

దీరియె రాయి జరిపాడు. ఆ రోజు అతడు ఓడిపోయాడు. అందులో దొంగాట లేదు.

సుల్తాను పోయింది ఎండలు మండే రోజుల్లో, ఒక పొద్దుట, ఏ జబ్బూ లేకుండా. తెల్లవారు నమాజు చేసి, గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే ఉండిపోయాడు. జబ్బు లేదు కనుక దీరియెకు కబురు వెళ్ళలేదు. ఆటకని గులకరాళ్ళు మూటగట్టుకుని అతడు వచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్ళ ఏడుపులు వినబడుతున్నాయి. ఇన్నేళ్ళూ ఆ గొంతుల కోసం చెవి ఒగ్గి ఉన్న మనిషి, వాటిని విని, అక్కడెవరు పోయారని పక్కవాణ్ణి అడిగాడట.

మొదటి ఆకు హక్కుకు ఒక కట్టడి ఉంది. చనిపోయిన సుల్తాను సమాధిలో మట్టి వేసిన చెయ్యి కొత్త సుల్తాను తలను తాకకూడదు. తాకితే పాత చావు కొత్త ఏలుబడిలోకి నడిచి వస్తుందని నమ్మకం. అందుకే ఖననం వేళ ఊళ్ళో మగవాళ్ళందరూ దోసిళ్ళతో మట్టి పోస్తుంటే, ఆ వంశంవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడాలి. దీరియె తండ్రి చిన్నప్పుడే అతని చేత ఇది సాధన చేయించాడు. పక్షి చచ్చినా, పిల్లి చచ్చినా చేతులు వెనక్కి కట్టుకోవడం అతనికి అలవాటైపోయింది.

ఆ మధ్యాహ్నం సముద్రపు ఒడ్డున శ్మశానంలో అతడు అలాగే నిలబడ్డాడు. సమతర్ మట్టి పోశాడు. ఖాజీ పోశాడు. సుల్తాను కొడుకు షిర్వా పోశాడు. తెగల పెద్దలు, పడవల సరంగులు, సాంబ్రాణి చెట్లు గీసేవాళ్ళు, అందరూ పోశారు. పని అయిపోయింది. ఖాజీ దువా ప్రార్థన ముగించాడు. జనం కదలబోతున్నారు. అప్పుడు దీరియె వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, సమాధి చివరికి నడిచి, వంగి, రెండు దోసిళ్ళ మట్టి తీసి వేసి, అరచేత్తో సర్ది, లేచి నిలబడ్డాడు.

తన చేతులు చూసుకున్నాక గానీ తానేం చేశాడో దీరియెకు తెలియలేదు.

"లాహౌల..." అని దేవుణ్ణి తలచుకున్నాడు సమతర్. విచారంగానే అన్నాడు. కానీ ఇంటికి వెళ్ళేటప్పుడు అందరికంటే చురుగ్గా నడిచాడు.

పరామర్శల రోజులు గడిచాక తుమ్మచెట్టు కింద సభ కూడింది. పట్టాభిషేకం ఆపడానికి వీల్లేదు. సుల్తాను లేని ఊళ్ళో ఎవరి ఒంటెలు ముందు అనే తగవు బావి దగ్గర అప్పుడే కర్రలదాకా వచ్చింది. దీరియె తమ్ముళ్ళూ, వాళ్ళ కొడుకులూ మేకలను దీరియెకు వదిలి, ఉన్న కొద్ది ఒంటెలతో మేత వెతుక్కుంటూ దక్షిణాన ఎక్కడో ఉన్నారు. వాళ్ళను వెతికి తెచ్చేదాకా ఊరు ఆగేలా లేదు. సమతర్ లేచాడు.

"నా బావమరిదిని నేను తప్పు పట్టను. దుఃఖంలో చెయ్యి జారింది. కానీ కట్టడి కట్టడే. ఆ వంశంలో మట్టి అంటని చెయ్యి ఈ ఊళ్ళో లేదు. కాబట్టి ఆ బరువు ఇకనుంచి మా తెగ మోస్తుంది. బావి వరస కూడా దానితోపాటే..."

"నువ్వు మట్టి పోయలేదా సమతర్?" అన్నాడు ముసలి ఖాజీ.

సమతర్ ఆగాడు. "అందరం పోశాం కదా!"

"అదే అంటున్నాను. మట్టి పోయని మగాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు?"

సభ ఒకరి చేతులు ఒకరు చూసుకుంది. ఊరు ఊరంతా అనర్హమైపోయింది. షిర్వా మొహం పాలిపోయింది. ఆకు పెట్టేవాడు లేకపోతే అతడు జీవితాంతం పెద్దాయన కొడుకుగానే ఉండిపోవాలి.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"నేను పోయలేదు."

చాపల తడికె పక్కన హిబాక్ నిలబడి ఉంది. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు కదా.

"ఇక్కడికెందుకొచ్చావే?" అన్నాడు సమతర్.

"హక్కు నా పుట్టింటిది. చెయ్యి శుభ్రంగా ఉంది. ఇదిగో, చూసుకోండి. ఆకు నేను పెడతాను."

"నువ్వు నా భార్యవి!"

"నీ భార్యనే. నీ వంశందాన్ని కాదుగా! నిన్ను పెళ్ళాడినంత మాత్రాన మా తాత మారిపోతాడా?"

పెళ్ళితో ఆడదాని వంశం మారిపోయే దేశాలు కూడా ఉన్నాయట. బందర్ గోరయో వాటిలో ఒకటి కాదు. ఆ మాట నిజమని సభలో అందరికీ తెలుసు. పెద్దలు ఆచారాన్ని మూలమూలలా వెతికారు. ఆడది ఆకు పెట్టకూడదన్న మాట ఎక్కడా దొరకలేదు. అలాంటి అవసరం వస్తుందని పూర్వీకులలో ఎవరికీ తోచలేదు మరి.

"రేపు ముకల్లాలో ఏమంటారు?" అన్నాడొక సరంగు నెమ్మదిగా. "గోరయో సుల్తానుకు సమతర్ పెళ్ళాం కిరీటం పెట్టిందంటారు."

సమతర్ చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్నవాడు గడ్డం సవరించుకునే నెపంతో నవ్వు దాచుకున్నాడు. ఖాజీ చాలాసేపు నేలను చూశాడు. తర్వాత కూర్చున్నచోటే ఒక గుప్పెడు ఎత్తి వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు.

"శ్మశానం ఒడ్డునే కదా ఉంది. అక్కడ ఉన్నది మట్టి అంటారా, ఇసుక అంటారా?"

సభకు ప్రాణం లేచివచ్చింది. మట్టి తడిపితే ముద్దవుతుందని ఒకరు, ఒడ్డున ఉన్నది కాదని ఇంకొకరు, మట్టిలో జొన్న మొలుస్తుంది, శ్మశానంలో ఏనాడైనా మొలిచిందా అని వేరొకరు వాదించారు. హిబాక్ సూటిగా మొగుణ్ణే అడిగింది.

"మట్టి అయితే నేను. ఇసుక అయితే నా తమ్ముడు. నువ్వే చెప్పు."

సమతర్ భార్యను చూశాడు. బావమరిదిని చూశాడు. ముకల్లాను తలచుకున్నాడు.

"ఇసుకే" అన్నాడు. "చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఇసుకే."

దీరియె లేచి నిలబడ్డాడు. "నేను వేసింది మట్టే. మట్టి అనే వేశాను."

"కూచోరా!" అని తడికె పక్కనుంచి హిబాక్ కేక వేసింది.

"నువ్వు వేసినదేమిటో తేల్చేది సభ" అన్నాడు ఖాజీ. "నువ్వు కాదు."

పట్టాభిషేకం రోజున ఎండిన వాగులో ఇంకా పచ్చగా ఉన్న రేగుచెట్టునుంచి దీరియె ఆకు కోసుకొచ్చాడు. షిర్వా తలకు నెయ్యి పట్టించి, ముగ్గు లాంటి తెల్లని గుడ్డమీద కూర్చోబెట్టారు. దీరియె ముందుకు వచ్చి, ఆకు పెట్టి, చెప్పవలసిన మాట చెప్పాడు. ఆ మాట ఎవరికీ వినబడలేదు. అతని పెదవులు కదలడం చూడగానే తెగలన్నీ కొమ్మలతో మీద పడ్డాయి. ఒక మోచెయ్యి తగిలి పక్కకు, ఇంకొక మోచెయ్యి తగిలి వెనక్కి, అలా అలా గుంపు అంచుకు వచ్చి పడ్డాడు. రెండు తరాలు కాచుకున్న పని తుమ్మి చీదినంతసేపట్లో అయిపోయింది. కొత్త సుల్తాను ఆకుల గుట్ట కింద ఎక్కడో ఉన్నాడు. మొదటి ఆకు ఏదో ఇక ఎవరూ చెప్పలేరు.

"పెట్టావా?" హిబాక్ అడిగింది.

"పెట్టాను."

"ఎలా ఉంది?"

దీరియె కాస్త ఆలోచించాడు. "తల వెచ్చగా ఉందక్కా."

సాయంత్రం బావి దగ్గర వరసలో గొడవ లేదు. సుల్తాను ఒంటెలు తాగాయి. వెంటనే దీరియె మేకలు తొట్టి చుట్టూ చేరాయి. వెనక సమతర్ ఒంటెలు మెడలు చాచి నిలబడ్డాయి. దీరియె తోలుచేద లాగుతుంటే సమతర్ వచ్చి గట్టుమీద కూర్చున్నాడు. ఎవరూ వినడం లేదని చూసుకుని అడిగాడు.

"నిజం చెప్పు బావమరిదీ. పుట్టినప్పటినుంచీ చేతులు కట్టుకున్నవాడివి. ఎందుకు వేశావు?"

"కాళ్ళవైపు పలచగా ఉంది బావా. కఫన్ గుడ్డ కనబడుతోంది."

సమతర్ తల వంచుకుని గట్టుమీది చెమ్మను గోటితో గీకాడు.

"నేనూ చూశాను" అన్నాడు. "ఎవడో ఒకడు వేస్తాడులే అనుకున్నాను."

సమతర్ లేచి తాడు రెండో కొస అందుకున్నాడు. మేకలు తాగుతున్నాయి, వాటికి తొందరేమీ లేదు.